పదకొండు సీసాలు

ఏడో భాగం

పోయిన వారం సీసాలమ్మను ల్యాబు కిటికీ దగ్గర నిలబెట్టి వచ్చేశాం. రెండు రిపోర్టుల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు ఎత్తి పట్టుకుని ఉంది పాపం. వారం రోజులు చేతులు పైకెత్తించినందుకు ఆ పిల్ల నన్ను క్షమించాలి. మీలో కొందరు కథ మధ్యలో వచ్చి కూర్చున్నారు కాబట్టి, జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పి ముందుకు పోతాను.

ఊరి అంచున ఒక ఏటవాలు వీధి, అందులో పదకొండు ఇళ్ళు. కుళాయి గొట్టం అంతదాకా రాలేదు. ఇంటికో బావి, బావికో మోటారు. ఆ బావులన్నీ తవ్వింది సీసాలమ్మ తండ్రి, బావుల మేస్త్రి. ఆయన పోయి నాలుగేళ్ళయింది. కూతురు నీటి పరీక్షల ల్యాబులో పని చేస్తూ, ల్యాబు దగ్గరే గది తీసుకుని ఉంటుంది. ఎక్కడికి వెళ్ళినా సంచిలో ఖాళీ సీసాలు ఉంటాయి గనుక వీధి ఆమెకు ఆ పేరు తగిలించింది. నెల కిందట ఆమె ఇంటికొక సీసా పంచి, "మీ బావి నీళ్ళు నింపి ఇవ్వండి, పరీక్ష చేసి పెడతాను" అంది. పది బావులు బ్రహ్మాండంగా ఉన్నాయని తేలింది. వెల్డరు బావి ఒక్కటే చెడింది. అందులో నైట్రేటు నూట పద్దెనిమిది. నలభై అయిదు దాటితే తాగకూడదని ల్యాబు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది.

ఇంకేముంది, వీధి వెల్డరు మీద పడింది. అతని కొట్టు వల్లే నేల పాడవుతోందనీ, కొట్టు అక్కడి నుంచి ఎత్తివేయించాలనీ ఒక అర్జీ తయారైంది. ఇనుము అతికిస్తే నైట్రేటు రాదు, మురుగు వల్లో ఎరువు వల్లో వస్తుంది అని సీసాలమ్మ చెబుతూనే ఉంది. వినే ఓపిక ఎవరికుంది? అర్జీ మీద మొదటి సంతకం సాక్షాత్తూ ఆమె అన్నయ్యది. టైల్స్ షాపులో సేల్స్‌మన్. వీధిలో ఏ విషయంలోనైనా మొదటి సంతకం అతనిదే. రెండేళ్ళ కిందట పెరట్లో సొంతంగా కట్టించిన బాత్రూమ్‌ను వచ్చిన ప్రతివాడికీ చూపించి పంపే మనిషి.

ఇక అసలు సంగతి. ఆ అన్నయ్యకు రెండు నెలల పాప. వదినకు జ్వరం వచ్చి గట్టి మందులు పడటంతో, పది రోజులుగా పాపకు డబ్బా పాలు. పాలు కలిపేది ఇంటి బావి నీళ్ళతో. "వాడొచ్చా?" అని వదిన అడిగితే, రిపోర్టు చూసి "నిశ్చింతగా వాడు వదినా" అన్నది మన సీసాలమ్మే. నిన్న మధ్యాహ్నం ఆ రిపోర్టులు ఫైల్లో పెడుతుంటే ఒక సంగతి కంటపడింది. బాగున్న పది బావుల అంకెలూ ఒకటే. ఒకటి రెండు చోట్ల చివరి అంకె తేడా తప్ప, పది కాగితాలూ ఒకే కాగితం. ముందు మిషన్‌ను అనుమానించింది. తెలిసిన నీళ్ళు పోసి చూస్తే మిషన్ సరిగ్గానే చెప్పింది. మిషన్‌ది తప్పు కాకపోతే మనుషులది. అదేమిటో తేల్చుకుందామని ఆదివారం పొద్దున్నే బయల్దేరింది.

వీధి ఎగువన మొదటి ఇల్లు కుట్టు టీచరుది. ముప్పై ఏళ్ళు ఊరి ఆడపిల్లలకు కుట్టు నేర్పి రిటైరైనా ఆవిడ చెయ్యి ఊరుకోదు. సీసాలమ్మ వెళ్ళేసరికి వరండాలో కూర్చుని, పెదవుల మధ్య నాలుగు గుండుసూదులు పెట్టుకుని, ఎవరిదో జాకెట్టు చంక విప్పుతోంది.

"టీచర్, ఒక్క మాట అడుగుతాను. దాచకుండా చెప్పాలి."

"దాచుకునేందుకు నా దగ్గరేముందే? అడుగు."

"నేను సీసాలు పంచిన మర్నాడు, మీ బావి దగ్గరికి ఎవరన్నా వచ్చారా?"

టీచరు గుండుసూదుల్ని ఒక్కొక్కటిగా తీసి డబ్బా మూతలో వేసింది. అంటే చాలా చెప్పబోతోందన్నమాట.

"ఎవరన్నా ఏమిటే! సినిమా టికెట్లకి నిలబడ్డట్టు నిలబడ్డారు. ముందు మన పూలకుండీల పిన్ని. ఆవిడ వెనక బస్సు డ్రైవరు పెళ్ళాం. ఆ వెనక ఇంకా ఎవరెవరో. అందరి చేతుల్లోనూ అదే సీసా. ఒకరి మొహం ఒకరు చూసుకోరు. తాగడానికి కాసిని పట్టుకుంటాం టీచర్ అంటారు. అంత బుల్లి సీసాతో తాగడమేమిటో నాకు అర్థమైతేనా?"

"మీరు అడగలేదా?"

"అడిగితే బాగుండదు కదే! మా నీళ్ళు తియ్యగా ఉంటాయని వీధికంతా తెలుసు. ఇంటికి చుట్టం వస్తే చాలు, బిందె పట్టుకుని నా గేటు ముందు ఉంటారు. ఈసారి నిన్ను చుట్టం అనుకున్నారేమో అనుకున్నా."

సీసాలమ్మ వరండా మెట్టు మీద కూర్చుండిపోయింది. పది రిపోర్టులు ఎందుకు ఒకటయ్యాయో తెలిసింది. పది సీసాల్లోనూ ఒకే బావి నీళ్ళు.

"వెల్డరు రాలేదా టీచర్?"

"వాడా? వాడు నా గేటులోకి ఎందుకొస్తాడు?"

ఆ గేటు సంగతి వీధిలో అందరికీ తెలిసిందే. ఆరేళ్ళ కిందట దాన్ని చేసిచ్చింది వెల్డరే. గేటు వంకరగా ఉందని టీచరు, గోడే వంకరగా ఉందని వెల్డరు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఇప్పటికీ గేటు వేస్తే పై గొళ్ళెం పడుతుంది, కింది గొళ్ళెం పడదు. టీచరును పక్కన పెడితే, మొత్తం వీధిలో తన బావి నీళ్ళు తాను ఇచ్చిన మనిషి ఆ ఒక్కడే. అది కూడా నిజాయితీ కొద్దీ కాదు, పంతం కొద్దీ. అందుకు బహుమానంగా వీధి అతని కొట్టు మీద అర్జీ రాసింది.

సీసాలమ్మకు నవ్వొచ్చింది. ఇంత చదువు చదివి, సీసా మూత ఎలా బిగించాలో చెప్పింది గానీ, నీళ్ళు ఏ బావిలోంచి తోడుతారో చూడాలని తోచలేదు తనకు. నవ్వు ఇంకా ముఖం మీద ఉండగానే ఇంకో ప్రశ్న బయటికొచ్చింది.

"మా అమ్మ?"

"మీ అమ్మ రెండుసార్లు వచ్చింది. మొదటిసారి సీసా కడగడానికి, రెండోసారి నింపడానికి. శుభ్రం అంటే ఆవిడదే."

టీచరు ఇంకా ఏదో అంటూనే ఉంది. సీసాలమ్మ అప్పటికే గేటు దాటింది. పై గొళ్ళెం కూడా వెయ్యలేదు.

వాళ్ళది నాలుగో ఇల్లు. ఆ నాలుగిళ్ళ దూరం ఆమె ఎలా పరిగెత్తిందో చూసినవాళ్ళు తర్వాత చాలా రోజులు చెప్పుకున్నారు. వంటింట్లో వదిన పాలసీసాను అటూ ఇటూ ఊపుతూ, మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని వేడి చూసుకుంటోంది. పాప అమ్మమ్మ తెచ్చిన ఊయల బుట్టలో కాళ్ళు ఆడిస్తోంది.

"వదినా, ఆగు! పట్టకు!"

"ఏమైందే, ఇల్లు కూలినట్టు ఆ అరుపేమిటి?" అంది అమ్మ, గిన్నెలు తుడుస్తున్నదల్లా.

"అమ్మా, నేనిచ్చిన సీసాలో ఏ బావి నీళ్ళు పోశావు?"

అమ్మ తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచింది. "మంచి నీళ్ళే పోశాను."

"ఏ బావివి?"

"టీచరువి. అయితే ఏమైంది ఇప్పుడు? మీ ఆఫీసులో పెద్దవాళ్ళు చూస్తారన్నావు. మన నీళ్ళు ఈ మధ్య అదోలా ఉంటున్నాయి. ఇంతమందికి బావులు తవ్విన మేస్త్రి ఇంటి నీళ్ళు ఇలా ఉన్నాయా అనుకోరూ? బడిలో ఫొటో తీస్తారంటే ఉన్నవాటిలో మంచి గౌను వేసి పంపేదాన్ని కాదూ నిన్ను? ఇదీ అంతే."

"నేను అడిగింది ఫొటోకి కాదమ్మా. ఇది రక్తపరీక్ష లాంటిది. రక్తం ఇమ్మంటే పక్కింటావిడది పట్టుకొచ్చి ఇస్తావా?"

అమ్మ వెనక్కి తిరిగి స్టవ్వు తుడవడం మొదలుపెట్టింది.

సీసాలమ్మ సంచిలోంచి చిన్న డబ్బా తీసింది. అందులో అగ్గిపుల్లంత వెడల్పున్న పట్టీలు. ఒక చివర తెల్లటి గడి ఉంటుంది. నీళ్ళలో ముంచి ఒక్క నిమిషం ఆగితే, నైట్రేటు లేకపోతే తెల్లగానే ఉంటుంది, ఉంటే గులాబి రంగుకు తిరుగుతుంది. ఎంత ఎక్కువుంటే అంత ముదురు. అంకె కచ్చితంగా చెప్పాలంటే ల్యాబుకు పోవాలి గానీ, ఉందో లేదో చెప్పడానికి ఇది చాలు. బావి మోటారు వేసి, ధార కింద గ్లాసు పట్టి, పట్టీ ముంచింది. ముగ్గురూ దాని మీదికి వంగారు. అర నిమిషం కూడా పట్టలేదు. గడి దానిమ్మ గింజ రంగుకు తిరిగింది.

"నేను మరగబెట్టే కలుపుతున్నానుగా?" అంది వదిన. "ఇరవై నిమిషాలు గడియారం చూసి మరీ..."

"మరగబెడితే క్రిములు చస్తాయి వదినా. ఇది క్రిమి కాదు, నీళ్ళలో కరిగిపోయిన ఉప్పులాంటిది. మరిగేకొద్దీ నీళ్ళు తగ్గుతాయి, ఇది తగ్గదు. ఇంకా చిక్కబడుతుంది."

"పాపకేమవుతుంది?"

"పెద్దవాళ్ళకి వెంటనే ఏమీ తెలియదు. నెలల పిల్లలకే ప్రమాదం. రక్తం ఊపిరిని మొయ్యలేకపోతుంది. పెదాలు, గోళ్ళు నీలంగా మారతాయి."

ముగ్గురూ బుట్టలోకి చూశారు. పాప పెదాలు ఎప్పటిలాగే ఎర్రగా ఉన్నాయి. పాపను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వేలిగోళ్ళు, దుప్పటి తొలగించి కాలిగోళ్ళు, ఒక్కొక్కటే చూశారు. ఇంతమంది ఎందుకు తన వేళ్ళు లెక్కపెడుతున్నారో తెలియక పాప మూతి ముడిచి, ఆకలి గుర్తొచ్చి ఏడుపు లంకించుకుంది. అంత గట్టి ఏడుపు వినడం అంత హాయిగా ఉంటుందని సీసాలమ్మ ఎప్పుడూ అనుకోలేదు.

వదిన పాలసీసాను సింకులోకి వంచేసింది. తర్వాత ఆడపడుచు వైపు తిరిగి మెల్లగా అంది.

"నువ్వే చెప్పావు. నిశ్చింతగా వాడమని."

"చెప్పాను వదినా."

అమ్మ అబద్ధపు సీసా ఇచ్చిందని అనొచ్చు. కానీ నీళ్ళు తానే తోడుకోవాలనేది తన ఉద్యోగంలో మొదటి పాఠం. సొంత వీధి కదా, సొంత అమ్మ కదా అని ఆ పాఠాన్ని పక్కన పెట్టింది తానే. ఆమెకు సిగ్గేసింది, భయమేసింది. ఆ రెండిట్లో ఏది పెద్దదో చెప్పడం కష్టం.

పిల్లల డాక్టరుకు ఫోన్ చేశారు. ఆ నీళ్ళు ఈ క్షణం నుంచి ఆపేయమన్నాడు. పాప హుషారుగా ఏడుస్తోందంటే మంచిదే, అయినా సాయంత్రం అయిదింటికి తీసుకురండి, చూస్తాను, ఈలోగా పెదాల రంగు మారినట్టు అనిపిస్తే మాత్రం ఉన్నపళంగా వచ్చెయ్యండి అన్నాడు. సీసాలమ్మ వెళ్ళి టీచరు బావి నుంచి నీళ్ళు తెచ్చి, పట్టీ ముంచి, తెల్లగానే ఉందని ముగ్గురూ ఒప్పుకున్నాక, మరగబెట్టి చల్లార్చి పాలు కలిపారు. పాప గడగడా తాగి, జరిగిందేదీ తనకు సంబంధం లేనట్టు నిద్రపోయింది.

ఇప్పుడు సీసాలమ్మను ఇంట్లో కూర్చోమంటే కూర్చుంటుందా? టీచరు నీళ్ళు తెల్లన, తమ నీళ్ళు ముదురు గులాబి. మధ్యలో రెండే ఇళ్ళు. అది ఎక్కడ మొదలైంది? ఎక్కడిదాకా పాకింది? కొత్త సీసాలు పదకొండూ సంచిలో వేసుకుని వీధిలోకి వచ్చింది. ఈసారి తన చేత్తో తాను పట్టింది. ప్రతి ఇంట్లోనూ మోటారు వేయించి, గొట్టంలో నిలవున్న నీళ్ళు పోయేదాకా పది నిమిషాలు వదిలేయించి, సీసాను అవే నీళ్ళతో మూడుసార్లు తొలిచి, నాలుగోసారి నింపింది.

సీసాలు కలిసిపోకుండా చీటీలు అంటించాలి కదా. ఆ వీధిలో ఇళ్ళకు నంబర్లు లేవు గానీ బావులకు ఉన్నాయి. మేస్త్రి అలవాటు అది. బావి పూర్తయ్యాక పై ఒర, అంటే బావి నోటి చుట్టూ ఉండే సిమెంటు చుట్టు మీద, తడి ఆరకముందే, మేకుతో ఆ బావి వరస నంబరు గీసేవాడు. ఎగువ నుంచి దిగువకు ఇళ్ళు లేచిన వరసలోనే బావులూ తవ్వాడు. కూతురు ఒక్కొక్క ఒర మీదా నాచు గీకి, నాన్న రాత చూసి, ఆ నంబరే చీటీ మీద వేసింది. చిన్నప్పుడు ఆ గీతల్లో వేలు పెట్టి అంకెలు నేర్చుకున్న పిల్ల.

పూలకుండీల పిన్ని గుమ్మంలోనే చేతులు జోడించింది. "నువ్వే పట్టుకో తల్లీ, నాకు తల కొట్టేసినట్టుంది. మా నీళ్ళు పసరు వాసన వేస్తాయని పదిమందిలో చెప్పుకోలేక అలా చేశాను."

"పోనీలే పిన్నీ, నువ్వొక్కదానివే కాదు."

"నేనొక్కదాన్నే కాదా? అయితే ఇంకెవరెవరు?" అంది పిన్ని, సిగ్గంతా మరిచిపోయి.

వెల్డరు కొట్టు వాళ్ళింటికి దిగువ పక్కనే. అతను ముఖం మీది నల్లద్దాల తొడుగు పైకెత్తి చూశాడు.

"మళ్ళీ నా నీళ్ళేనా? ఒకసారి శిక్ష వేశారుగా."

"ఈసారి అందరివీ పడుతున్నాను."

"అందరివీ అంటే? ఎవరివి వాళ్ళవేనా?"

సీసాలమ్మ అతని వైపు తేరిపార చూసింది. "మీకు తెలుసా?"

"దిగువ ఇళ్ళవాళ్ళంతా నా కొట్టు ముందు నుంచే కదా వెళ్ళింది, సీసాలు కొంగుల్లో దాచుకుని."

"మరి చెప్పలేదేం?"

"నన్నెవరడిగారు? వీధంతా తిరిగి సంతకాలు అడిగారు, నన్ను తప్ప," అని మోటారు స్విచ్చి వేశాడు. వేసి, రెండడుగులు వెళ్ళి, వెనక్కి తిరిగాడు. "పాప బాగుందా? మీ వదిన పొద్దున్న అరిచింది... లేక నువ్వా?"

"నేనే. బాగుంది."

అతను తలూపాడు. తన పెద్ద ఇనుప బల్లను బరబరా ఈడ్చి వీధి మధ్యలో వేసి, పాత గుడ్డతో దుమ్ము తుడిచాడు. "సీసాలు పెట్టుకోవడానికి," అన్నాడు.

పన్నెండు కొట్టేసరికి వీధి వీధంతా ఆ బల్ల చుట్టూ చేరింది. కుట్టు టీచరు కూడా వచ్చింది. ఆరేళ్ళలో ఆవిడ ఆ కొట్టు ముందు నిలబడటం అదే మొదటిసారి. వెల్డరు ఒక స్టూలు తెచ్చి ఆవిడ వెనక పెట్టాడు. ఇద్దరూ ఒక్క మాటా మాట్లాడుకోలేదు గానీ, ఆవిడ కూర్చుంది. పాపను భుజాన వేసుకుని వదినా, ఆమె వెనక అమ్మా వచ్చి నిలబడ్డారు.

సీసాలమ్మ బల్ల మీద తెల్లకాగితం పరిచి, సీసాల్ని నంబర్ల వరసన పేర్చడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు. చెయ్యి నాలుగు కోసం సంచిలోకి వెళ్ళింది. అయిదు దొరికింది. మళ్ళీ వెతికింది. ఆరు, ఏడు, ఎనిమిది. చివరి సీసా మీద పన్నెండు అని ఉంది.

సీసాలు లెక్క పెట్టింది. పదకొండే. ఇళ్ళు కూడా పదకొండే. ఒక్కరిని కూడా వదిలిపెట్టలేదు. మరి పన్నెండు ఎక్కడి నుంచి వచ్చింది? నాన్న లెక్క తప్పే మనిషి కాదు. బావిలోకి గులకరాయి వేసి, చప్పుడు విని ఎన్ని అడుగులో చెప్పేవాడు. పుట్టి పెరిగిన వీధిలో ఒక అంకె లేదని ఇన్నేళ్ళూ తనకు తెలియకపోవడం ఆమెకు వింతగా అనిపించింది. మూడుకూ అయిదుకూ మధ్య ఒక సీసా పట్టేంత ఖాళీ వదిలేసి, పట్టీలు ముంచింది.

"నిమిషం ఆగండి. ఎవరూ బల్ల కదపొద్దు."

ఒకటో నంబరు, టీచరుది, తెల్లగానే ఉంది. రెండు తెల్లన. మూడు తెల్లన. ఖాళీ. అయిదు దానిమ్మ గింజ. ఆరు, అంటే వెల్డరుది, అంతకు కాస్త తక్కువ. ఏడు ఇంకాస్త తక్కువ. అక్కడి నుంచి దిగువకు పోయేకొద్దీ రంగు వెలిసిపోతూ, పన్నెండు దగ్గర ఉందా లేదా అన్నట్టు మిగిలింది.

"అయితే నా బావి కాదన్నమాట మొదలు," అన్నాడు వెల్డరు. ఎవరినీ ఉద్దేశించి అనలేదు. అర్జీ మీద సంతకం పెట్టినవాళ్ళందరికీ మాత్రం తమనే అన్నట్టనిపించింది.

"అయిదో నంబరు ఎవరిదే?" అని టీచరు అడిగింది.

"మాది," అంది సీసాలమ్మ.

అని, తల్లి దగ్గరికి వెళ్ళింది. గొంతు తగ్గించి అడిగింది. "అమ్మా, నాన్న తవ్విన నాలుగో బావి ఎక్కడుంది?"

అమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంది. విప్పింది. మళ్ళీ చుట్టుకుంది.

"నువ్వు పుట్టకముందు సంగతి. మన పెరట్లోనే ముందు తవ్వాడు. బాగా లోతుకి పోయాడు. అడుగున రాయి చీలికలు తగిలాయి. వానాకాలం నిండేది, వారం తిరక్కుండా ఇంకిపోయేది. నాలుగు బిందెలు నిలవని బావి ఇంటికెందుకని, ముందు వైపు ఇంకోటి తవ్వుకున్నాడు."

"దాన్ని పూడ్చలేదా?"

"పూడ్చమని నేను వంద సార్లు చెప్పాను. బావుల మేస్త్రి చేత్తో బావి పూడ్చకూడదు, ఆ చేతికి మళ్ళీ నీళ్ళు పడవు అనేవాడు మీ నాన్న. వాళ్ళ గురువు నుంచి వచ్చిన పట్టింపట. పైన రాతి మూత వేసి, మట్టి కప్పి ఊరుకున్నాడు."

సీసాలమ్మ కళ్ళ ముందు నాన్న చేతులు కదిలాయి. గరుకు చేతులు, గోళ్ళ సందుల్లో ఎప్పుడూ సిమెంటు. ఊరందరికీ నీళ్ళు పుట్టించిన చేతులు. ఆయన మీద ఆమెకు కోపం రాలేదు, వస్తే బాగుండుననిపించింది. మూత వేసినంత మాత్రాన బావి పోదు. నేల లోపలి నీళ్ళ దాకా తిన్నగా దిగిన దారి అది. దాని నోట్లో ఏది పడితే అది ఏ మట్టీ వడకట్టకుండా, ఆ రాతి చీలికల్లోంచి దిగువ బావులన్నిటిలోకీ పోతుంది.

"ఆ మూత ఎక్కడుందమ్మా? పెరట్లో ఏ వైపు?"

అమ్మ నోరు తెరిచే లోపలే స్కూటరు హారన్ వినిపించింది. అన్నయ్య. ఆదివారం షాపు పన్నెండింటికి మూసేస్తారు. బల్ల చుట్టూ జనాన్ని చూసి అతని ముఖం వికసించింది. స్కూటరుకు స్టాండు వేసి, జేబులోంచి మడత పెట్టిన అర్జీ తీసి చేత్తో పట్టుకుని, జనాన్ని తప్పించుకుంటూ వచ్చాడు.

"ఏమంటోంది చెల్లాయ్ నీ పరీక్ష? తేలిపోయిందా? రేపు ఆఫీసులో ఇచ్చేటప్పుడు నీ రిపోర్టు కూడా దీనికి గుచ్చుదాం."

వదిన పాపను ఎడమ భుజం మీంచి కుడి భుజం మీదికి మార్చుకుంది. అత్తగారు చెప్పిన ప్రతి మాటా పక్కనే నిలబడి విన్నది. పది రోజుల జ్వరంతో కళ్ళు లోపలికి పోయిన మనిషి, భర్త వైపు చాలా మామూలుగా చూస్తూ అడిగింది.

"ఏమండీ, మన బాత్రూమ్ గొట్టం ఎక్కడికి పోతుంది?"

బాత్రూమ్ పేరు వినగానే అన్నయ్యకు ఎప్పటి ఉత్సాహమే వచ్చింది. వీధంతా వింటోందని గొంతు కూడా కాస్త పెంచాడు.

"అదేగా అసలు గొప్ప! గొయ్యి తవ్వుతుంటే కింద రాతి మూత తగిలింది. తెరిచి చూస్తే పాత బావి, ఒట్టిది. మేస్త్రి కొడుకు బుర్ర అంటే ఏమనుకున్నారు? గొట్టం తీసుకెళ్ళి అందులో పెట్టించాను. వీళ్ళందరి ఇళ్ళకీ మురుగు ట్యాంకరు వస్తుంది, రెండేళ్ళుగా మన ఇంటికి ఒక్కసారన్నా వచ్చిందా? ఎంత పోసినా నిండదు!"

అతనొక్కడే నవ్వాడు. బల్ల మీద అయిదో పట్టీ ఎండలో ఆరుతోంది. అన్నయ్య ఒక్కొక్కరి ముఖంలోకీ చూశాడు, చివరికి భార్య ముఖంలోకి, ఆమె భుజం మీద నిద్రపోతున్న కూతురి ముఖంలోకి చూశాడు. నవ్వు ఎక్కడ ఆపాలో తెలియక పెదాల మీదే ఉండిపోయింది.

వెల్డరు కొట్టులోకి వెళ్ళి నిలువెత్తు గునపం తీసుకొచ్చాడు. అన్నయ్య చేతిలోని అర్జీ వైపు ఒకసారి చూసి, గునపాన్ని బల్లకు ఆనించాడు.

"ఆ మూత మీరు తీస్తారా, నన్ను తియ్యమంటారా?"